సినౌలీ: గెజిట్‌లో గౌరవం, పొలంలో ఆంక్ష

భారతదేశంలో పురాతన స్థలాన్ని రక్షించడం చాలా చౌక వ్యవహారం. గెజిట్‌లో ఒక ప్రకటన, పొలం గట్టున ఒక బోర్డు, ఆ బోర్డుపై జైలు శిక్ష హెచ్చరిక ఉంటే చాలు, తన బాధ్యత తీరిందని రాజ్యం భావిస్తుంది. ఆపైన అయ్యే ఖర్చంతా ఆ నేలను నమ్ముకుని బతికేవాడి నెత్తిన పడుతుంది. దేశ రాజధానికి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, ఘాజియాబాద్‌కు పొరుగు జిల్లా అయిన బాగ్‌పత్‌లో ఉన్న సినౌలీ గ్రామం ఇందుకు నిదర్శనం.

సినౌలీ చెరకు పండించే ఊరు. యమునా, హిండన్ నదుల మధ్య సారవంతమైన దోఆబ్ నేల. రెండు దశాబ్దాల కిందట ఇక్కడ పొలం చదును చేస్తుండగా మనిషి ఎముకలు, మట్టి పాత్రలు బయటపడ్డాయి. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ 2005-06లో డి.వి.శర్మ నేతృత్వంలో తవ్వకాలు జరిపి 116 సమాధులను గుర్తించింది. అనంతరం పన్నెండేళ్లపాటు ఆ నేల మళ్లీ చెరకు తోటల కిందికే వెళ్లిపోయింది. 2018లో ఎస్.కె.మంజుల్ బృందం తవ్వినప్పుడు రాగి తాపడం చేసిన కొయ్య శవపేటికలు, రాగి ఖడ్గాలు, డాలు, అద్దం, దువ్వెన, వాటితోపాటు రాగి అలంకరణ గల చక్రాలతో మూడు వాహనాలు వెలుగు చూశాయి. అవి క్రీ.పూ. 2000 – 1800 మధ్యకాలానికి చెందినవని అంచనా. దాదాపు నాలుగు వేల ఏళ్ల నాటి శ్మశానవాటిక అది. ఉపఖండ చరిత్రలో హరప్పా నగరాలు క్షీణించిన దశను అర్థం చేసుకోవడానికి అంత విలువైన ఆధారాలు మరెన్నో చోట్ల లేవు.

ఆధారం దొరికిన క్షణం నుంచి దాన్ని వాదంగా మార్చడం మొదలైంది. తవ్విన బృందం వాటిని రథాలన్నది. అవి గుర్రాలు లాగిన యుద్ధ రథాలని ప్రచారం సాగింది. టెలివిజన్ చర్చలు ఒక్క గంతులో మహాభారతంలోకి దూకాయి. చక్రాలు ఆకులు లేని నిండు చక్రాలు కదా, గుర్రపు ఎముకలేవీ అక్కడ దొరకలేదు కదా అని ప్రశ్నించిన పండితులూ ఉన్నారు. ఫిన్లండ్‌కు చెందిన ఆస్కో పార్పోలా అవి ఎడ్లు లాగిన బండ్లని వాదించాడు. 2021లో డిస్కవరీ సంస్థ సినౌలీపై ఒక డాక్యుమెంటరీనే విడుదల చేసింది. ఆర్యుల వలస జరిగిందనేవారికి ఒక ఆయుధం, జరగలేదనేవారికి మరో ఆయుధం ఆ మట్టిలో కనిపించాయి. ఈ గొడవలో ఎవరికీ కనిపించనిది ఆ మట్టి యజమాని. ఎడ్లా, గుర్రాలా అన్న ప్రశ్నకు జవాబు ఏదైనా అతని పొలంపై పడిన ఆంక్ష మారదు.

ఆ ఆంక్ష ఏమిటో చూడాలి. 2020లో సినౌలీలోని సుమారు 28 హెక్టార్ల భూమిని, అంటే దాదాపు 70 ఎకరాలను, జాతీయ ప్రాముఖ్యం గల స్థలంగా కేంద్రం ప్రకటించింది. దానితో 1958 నాటి ప్రాచీన కట్టడాలు, పురావస్తు స్థలాల చట్టం ఆ పొలాలకు పూర్తిగా వర్తించింది. ఆ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం సంరక్షిత ప్రదేశంలో భూమి యజమాని సైతం కేంద్రం అనుమతి లేనిదే ఏ కట్టడమూ కట్టరాదు, తవ్వరాదు. సాగు చేసుకోవచ్చు గాని నేలను ఒక అడుగుకు మించి తవ్వరాదు. అడుగు లోతు సాళ్లు తీసి చెరకు నాటే ట్రెంచ్ పద్ధతిని ప్రభుత్వ యంత్రాంగమే ప్రోత్సహించే ప్రాంతమిది. ట్రాక్టరు నాగలి రెండంగుళాలు ఎక్కువ లోతుకు దిగితే అది నేరమవుతుందా? కొత్త బోరు వేసుకోవాలంటే ఎవరి అనుమతి కావాలి? పశువుల పాక వేసుకుంటే? ఉల్లంఘనకు రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించే అధికారం చట్టానికి ఉంది.

ఆంక్ష ఆ 70 ఎకరాలతో ఆగిపోదు. 2010లో పార్లమెంటు చేసిన సవరణ ప్రకారం సంరక్షిత ప్రదేశపు హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మొదటిదానిలో కొత్త నిర్మాణం అసలే కుదరదు, రెండోదానిలో అనుమతి తప్పనిసరి. 28 హెక్టార్లను ఒక చతురస్రంగా ఊహించి లెక్క వేస్తే, ఈ రెండు వలయాలూ కలిపి ప్రభావితమయ్యే భూమి సుమారు 120 హెక్టార్లు, అంటే 300 ఎకరాలకు చేరువ. గెజిట్‌లో చదివేవారికి 28 అంకె కనిపిస్తుంది. ఊళ్లో కొడుకు పెళ్లికి ఇంకో గది వేసుకోవాలనుకునే కుటుంబానికి ఎదురయ్యే అంకె 300.

చట్టం ఏకపక్షంగా రాసిందేమీ కాదు. అదే చట్టంలోని 27వ సెక్షన్ మరో మాట చెబుతుంది. పురావస్తు అధికారులు భూమిలో ప్రవేశించడం వల్లగాని, తవ్వకాల వల్లగాని, ఈ చట్టం ఇచ్చిన మరే అధికారాన్ని వినియోగించడం వల్లగాని యజమానికి నష్టం కలిగినా, భూమిపై రాబడి తగ్గినా కేంద్ర ప్రభుత్వం పరిహారం చెల్లించాలి. అవసరమైతే సంరక్షిత ప్రదేశాన్ని సేకరించే అధికారాన్ని 20వ సెక్షన్ ఇస్తుంది. స్థలాన్ని సంరక్షిత ప్రదేశంగా ప్రకటించే ముందు అభ్యంతరాలు చెప్పుకోవడానికి 4వ సెక్షన్ రెండు నెలల గడువిస్తుంది. నిషేధాలు గెజిట్ వెలువడిన నాటినుంచే వాటంతటవే అమలవుతాయి. పరిహారం మాత్రం రైతు అడిగితే, ఆ అడిగే దారి అతనికి తెలిస్తే, నష్టాన్ని కాగితాలతో నిరూపించుకోగలిగితేనే కదులుతుంది. రాజ్యం చేతిలోని హక్కులకు నడక నేర్పనక్కరలేదు, రాజ్యంపై ఉన్న బాధ్యతలకు మాత్రం ఎవరో ఒకరు ఊతకర్ర అందించాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. చట్టం లేకపోతే ఏమవుతుంది? పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఎన్నో పాతదిబ్బలు ఇటుక బట్టీలకు మట్టిగా, పొలాలకు చదునుగా మారిపోయాయి. సినౌలీ సమాధులు బయటపడిందే పొలం చదును చేసినప్పుడు. అటువంటి చదును ఇంకో రెండేళ్లు సాగి ఉంటే వెలికి తీయడానికి ఏమీ మిగిలేది కాదు. ఈ వాదనలో నూరుపాళ్లు సత్యం ఉంది. ఒకసారి చెదిరిన సమాధిని ఏ ప్రభుత్వమూ తిరిగి పేర్చలేదు. కాబట్టి చట్టం అవసరమా అన్నది వివాదాంశమే కాదు. సమాజం మొత్తానికి చెందిన సంపదను కాపాడే భారాన్ని కొన్ని పదుల చెరకు రైతు కుటుంబాలు మాత్రమే ఎందుకు మోయాలన్నదే ప్రశ్న. పైగా కడుపు కొట్టే చట్టం చరిత్రకూ చేటే. ఎముక కనబడితే కబురు చేసినవాడి పొలానికి బోర్డు వస్తుందని పొరుగు రైతుకు తెలిశాక, రేపు అతని నాగలికి కుండ పెంకు తగిలితే కబురు వస్తుందా, గుట్టుచప్పుడు కాకుండా మట్టి కప్పడం జరుగుతుందా? శిక్ష భయం మీద ఆధారపడిన రక్షణ, రైతును పురావస్తు శాఖకు నిఘా కన్నుగా కాక ప్రత్యర్థిగా నిలబెడుతుంది.

ఇదే సమస్య వేరే దేశాల్లోనూ ఉంది. ఇంగ్లండ్‌లోని రట్లండ్ ప్రాంతంలో కెటన్ గ్రామ సమీపాన 2020లో, కొవిడ్ లాక్‌డౌన్ రోజుల్లో, ఒక వ్యవసాయ క్షేత్రంలో రోమన్ కాలపు భవంతి ఆనవాళ్లు దొరికాయి. ట్రోజన్ యుద్ధంలో అకిలీస్, హెక్టర్‌ల పోరును చూపే 11 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు గల మొజాయిక్ నేల అక్కడ బయటపడింది. లీసెస్టర్ విశ్వవిద్యాలయ పురావస్తు బృందం తవ్వి పరిశీలించాక, 2021 నవంబరులో దాన్ని సంరక్షిత స్థలంగా ప్రకటించారు. పరిశీలించిన భాగాన్ని తిరిగి మట్టితో పూడ్చారు. నాగలి వల్ల జరుగుతున్న నష్టాన్ని ఆపడానికి, ఆ పొలాలను దున్నే భూమి నుంచి పచ్చికబయలుగా, తేనెటీగల వంటి పరాగవాహకాలకు ఆవాసంగా మార్చే విషయమై హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ భూయజమానితో కలిసి పనిచేసింది. రక్షణ అక్కడ సంభాషణతో మొదలైంది.

ఇంగ్లండును ఆదర్శంగా నెత్తిన పెట్టుకోనక్కరలేదు. అమరావతి స్తూపపు శిల్పాలు నేటికీ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పరుల చరిత్రను పెకలించి పట్టుకుపోయిన దేశం తన పొలంలోని చరిత్రను అంత మర్యాదగా చూసుకోవడంలోని వ్యంగ్యం తెలుగువారికి ఒకరు వివరించి చెప్పవలసినది కాదు. అయినా ఒక సూత్రం అక్కడ స్పష్టం: రక్షించదలచిన నేల ఇంకొకరిదైతే, ఆ ఇంకొకరిని ముందుగా భాగస్వామిని చేసుకోవాలి. వలస పాలకులు భారత్‌కు నిషేధాల భాష నేర్పారు, భాగస్వామ్య భాషను తమ దేశంలోనే ఉంచుకున్నారు. స్వతంత్ర భారతం నేర్పినంత వరకే నేర్చుకుని ఆగిపోవడం వలస పాలకుల తప్పు కాదు.

డబ్బు లేదన్న సమాధానం తరచు వినిపిస్తుంది. లెక్కలు చూద్దాం. ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి 2023 జనవరిలో వెలువరించిన నివేదిక ప్రకారం దేశంలో జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలు, స్థలాలు 3,695. వాటి సంరక్షణపై 2019-20లో వెచ్చించింది 428 కోట్ల రూపాయలు. అంటే సగటున ఒక్కొక్కదానికి ఏడాదికి 12 లక్షలు కూడా లేవు. వి.విజయసాయిరెడ్డి అధ్యక్షతన పనిచేసిన పార్లమెంటరీ స్థాయీ సంఘానికి 2022లో ప్రభుత్వం తెలిపిన వివరాలు మరింత విస్మయకరం. 7,000 మంది కాపలాదారులు కావలసిన చోట ఉన్నది 2,578 మంది, అదీ 248 చోట్ల మాత్రమే. యాభై కట్టడాల ఆచూకీయే లేదు. వాటిలో 14 పట్టణీకరణకు, 12 జలాశయాలకు బలయ్యాయి, 24 ఎక్కడున్నాయో తెలియదు. 2024లో 18 కట్టడాలను జాబితా నుంచి తొలగించే ప్రక్రియకు పురావస్తు శాఖ పూనుకుంది. తన రక్షణలో ఉన్నవాటినే పోగొట్టుకున్న సంస్థ, అడుగుకు మించి తవ్వాడా లేదా అని రైతు సాళ్లను కొలుస్తానంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

చట్టం అందరికీ ఒకే కొలతతో వర్తిస్తే ఇంత బాధ ఉండేది కాదు. 100 మీటర్ల నిషిద్ధ ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వ ప్రజాపనులకు మినహాయింపు ఇచ్చే సవరణ బిల్లును 2018 జనవరిలో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ దాన్ని సెలెక్ట్ కమిటీకి పంపింది, 16వ లోక్‌సభ రద్దుతో అది వీగిపోయింది. బిల్లు పోయినా దాని వెనుకనున్న దృష్టి పోలేదు. రహదారి అడ్డువస్తే చట్టాన్ని వంచాలి, రైతు అడ్డువస్తే చట్టాన్ని చూపాలి. ఘాజియాబాద్ మీదుగా ఢిల్లీ – మీరట్ వేగ రైలు స్తంభాలు లేపడానికి అవసరమైన భూమి, డబ్బు, అనుమతులు అన్నీ కాలానికి సమకూరాయి, 2023 అక్టోబరులో తొలి 17 కిలోమీటర్లు పరుగందుకున్నాయి. తలచుకుంటే రాజ్యం ఎంత చురుగ్గా కదలగలదో ఆ స్తంభాలే సాక్ష్యం. సినౌలీకి కొరవడింది ఆ తలపే.

తెలుగువారికి ఈ కథ కొత్తది కాదు. కృష్ణా లోయలోని నాగార్జునకొండను 1926లో గుర్తించారు. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసే నాటికే, నీట మునగబోయే లోయను కాలంతో పోటీపడి తవ్వడం మొదలైంది. 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో సాగిన ఆ కృషి భారత పురావస్తు చరిత్రలో ఒక మహాయజ్ఞం. కొన్ని కట్టడాలను విడదీసి కొండపైన తిరిగి నిర్మించారు, 1966లో ద్వీపంపై మ్యూజియం వెలిసింది. ఆ స్థాయి సంకల్పం ఒకప్పుడు ఉండేది. ఆ తర్వాతి కథ వేరు. తవ్వకాల నివేదిక మొదటి సంపుటం 1975లో, రెండో సంపుటం 2006లో వెలువడ్డాయి. చివరి గునపం దిగిన నలభై ఆరేళ్లకు గాని చారిత్రక యుగపు ఫలితాలు గ్రంథరూపంలో పాఠకుడికి చేరలేదు. ఈ లోపు ఒక తరం పండితులు, ఆ లోయను విడిచి వెళ్లిన ఒక తరం గ్రామస్థులు గతించారు.

నివేదిక ఆలస్యం కావడం ఒక జబ్బయితే, నివేదికను రాజకీయం తూకం వేయడం మరో జబ్బు. తమిళనాడులోని కీళడిలో తవ్వకాలు జరిపిన అమర్‌నాథ్ రామకృష్ణ 2023 జనవరిలో సమర్పించిన 982 పుటల నివేదికను, మార్పులు కోరుతూ 2025 మేలో పురావస్తు శాఖ వెనక్కి పంపింది. ఆ మరుసటి నెలలోనే ఆయనకు బదిలీ ఉత్తర్వులు అందాయి. కీళడి దక్షిణాది ప్రాచీనతను చాటుతుంది గనుక దానికి సందేహాల వడపోత, సినౌలీ ఒక సాంస్కృతిక కథనానికి పనికివస్తుంది గనుక దానికి తెర మీద పట్టాభిషేకం. శాస్త్రానికి కావలసినది ఈ రెండూ కావు. సందేహం రెండింటికీ సమానంగా ఉండాలి, ప్రచురణ రెండింటికీ సమానంగా జరగాలి.

సినౌలీని కీర్తించిన రాజకీయం సినౌలీకి ఏమి ఇచ్చింది? 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఐదు పురావస్తు స్థలాలను మ్యూజియంలతో విశిష్ట కేంద్రాలుగా తీర్చిదిద్దుతామని ప్రకటించారు. రాఖీగఢీ, హస్తినాపురం, శివసాగర్, ధోలావీరా, ఆదిచ్చనల్లూరు ఆ జాబితాలో ఉన్నాయి. పొరుగు జిల్లా మీరట్‌లోని హస్తినాపురానికి దక్కిన చోటు, అదే ఏడాది జాతీయ ప్రాముఖ్యం పొందిన సినౌలీకి దక్కలేదు. ఆదిచ్చనల్లూరులో తవ్విన గుంతల మీదే గాజు పరచి, దొరికినవి దొరికిన చోటే చూపే ఏర్పాటును 2023 ఆగస్టులో ప్రారంభించారు. అంటే ఆ విద్య ఈ దేశానికి తెలుసు. సినౌలీలో దొరికిన రథాలు, శవపేటికలు మాత్రం ఢిల్లీకి తరలాయి. వస్తువులు రాజధానికి వెళ్లాయి, ఆంక్షలు ఊళ్లో మిగిలాయి.

సినౌలీ ఒక్కటే అయితే దీన్ని ఒక ఊరి గోడుగా సరిపెట్టుకోవచ్చు. ఇదే దోఆబ్‌లో, మీరట్ జిల్లా ఆలంగీర్‌పూర్‌లో 1958-59లో వై.డి.శర్మ జరిపిన తవ్వకాలు హరప్పా నాగరికత తూర్పు హద్దును గంగా మైదానం దాకా జరిపాయి. ఘాజియాబాద్‌లోనే, మోహన్‌నగర్‌కు ఉత్తరాన హిండన్ ఒడ్డున ఉన్న కసేరీ దిబ్బ పేరు జిల్లా చరిత్రలో ఘనంగా వినిపిస్తుంది. నగరం ఎకరాల చొప్పున పొలాలను మింగుతున్న ప్రాంతంలో ఇంకా ఎన్ని శ్మశానవాటికలు, ఎన్ని ఊళ్లు చెరకు వేళ్ల కింద నిద్రిస్తున్నాయో నేలకే తెలియాలి. వాటిని ముందుగా చూసేది పండితుడు కాదు, నాగలి. ఆ నాగలి పట్టినవాడికి రాజ్యం ఈరోజు ఏ పాఠం నేర్పుతుందో, రేపటి చరిత్ర దానిమీదే ఆధారపడుతుంది. తెలంగాణలో జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలు కేవలం ఎనిమిది. ఈ జాబితా పెరగాలని కోరేవారంతా, జాబితాలో చేరిన ఊరికి ఏమవుతుందో సినౌలీని చూసి తెలుసుకోవడం మంచిది.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. 27వ సెక్షన్ పరిహారాన్ని రైతు దరఖాస్తుకు వదలకుండా, ప్రకటన వెలువడిన రోజునుంచే ఎకరానికి ఇంతని వార్షిక చెల్లింపుగా మార్చాలి. సమాధులున్న కీలక భాగాన్ని మార్కెట్ ధరకు సేకరించాలి, లేదా దీర్ఘకాలిక కౌలుకు తీసుకోవాలి. మిగిలిన భూమిలో నేలను లోతుగా కదల్చని పంటలకు మారే రైతుకు ఆ తేడాను కేంద్రమే భరించాలి. 100, 200 మీటర్ల గుడ్డి గీతలకు బదులు, 2010 సవరణే ఆదేశించినట్లు స్థలానికి తగిన ప్రత్యేక ఉపనిబంధనలు రూపొందించి, హిందీలో అచ్చువేసి, పంచాయతీలో చదివి వినిపించాలి. కాపలా ఉద్యోగాలు ఆ ఊరి యువతకే ఇవ్వాలి. తవ్వకం ముగిసిన నిర్ణీత గడువులో సమగ్ర నివేదికను ప్రజల ముందుంచడం చట్టబద్ధమైన విధి కావాలి. ఊళ్లో దొరికినదాన్ని ఊళ్లోనే చూపే మ్యూజియం కట్టాలి.

బాగ్‌పత్ చౌధరీ చరణ్‌సింగ్ నియోజకవర్గం. ఆయన న్యాయవాదిగా జీవితం ఆరంభించింది ఘాజియాబాద్‌లో. 2024లో ఆయనకు భారతరత్న ప్రకటించారు, ఆయన వారసత్వం తమదేనని చెప్పని పార్టీ ఆ ప్రాంతంలో కనిపించదు. రైతు పక్షమంటే చెరకు ధర ఒక్కటే కాదని, రైతు భూమిపై రాజ్యం మోపిన ప్రతి ఆంక్షకూ వెల కట్టి చెల్లించడమని ఆ పార్టీలన్నీ గుర్తించవలసిన సమయమిది. రథాన్ని లాగినవి గుర్రాలా, ఎడ్లా అన్నది పండితులు నింపాదిగా తేల్చుకోవచ్చు, దానికి ఇంకో పదేళ్లు పట్టినా నష్టం లేదు. ఆ రథాన్ని నాలుగు వేల ఏళ్లు కడుపులో దాచిన పొలానికి రాజ్యం చెల్లించవలసిన బాకీ మాత్రం 2020 నుంచి ఏటా పెరుగుతూనే ఉంది.